గీతలో సందు కనబడితే చేతులు కట్టుకోండి

పని ఏమిటంటే

పాతికేళ్లు చేసిన పని పేరు నేను ఇంట్లో ఎవరికీ సరిగ్గా చెప్పలేకపోయాను. ఎవరైనా అడిగితే మా అత్తమ్మ, "మా కోడలు కంప్యూటర్ల బొమ్మలు కడుగుతది" అనేది. మొదట్లో రోషం వచ్చేది. షాపు మూసేసి తీరిగ్గా కూర్చున్నాక ఆలోచిస్తే అంతకంటే మంచి వివరణ నాకూ దొరకలేదు.

కొత్తగా ఈ పనిలోకి వస్తున్న ఇద్దరు ముగ్గురు అమ్మాయిలు అడిగారు కాబట్టి రాస్తున్నాను. సాఫ్ట్‌వేర్‌లో ఏ మీట ఎక్కడుంటుందో రాయను. అది మీకే నాకంటే బాగా తెలుసు. నేను చేసిన తప్పులు మాత్రం నాకంటే బాగా ఎవరికీ తెలియవు.

చేత్తో గీసిన బొమ్మ మన దగ్గరికి వస్తుంది. స్కానర్ మీద పెడతాం. బొమ్మతో పాటు కాగితం పసుపు, మడత గీత, టీ మరక, గీసినాయన వేలిముద్ర, ఒక్కోసారి ఎండిపోయిన చీమ కూడా కంప్యూటర్‌లోకి వస్తాయి. అవన్నీ కడిగి నల్ల గీతను మాత్రం మిగల్చాలి. ఆ గీతను పైన ఒక లేయర్‌లో ఉంచి, కింద లేయర్ ఖాళీగా రంగులేసేవాళ్లకు ఇవ్వాలి. వాళ్లు బకెట్ గుర్తు తీసుకొని గీతల మధ్య ఒక్క నొక్కు నొక్కితే ఆ గదంతా రంగు నిండుతుంది. అయితే గీతలో వెంట్రుకంత సందు ఉన్నా రంగు ఆగదు. చీర ఎరుపు మొహం మీదికి, మొహం మీది నుంచి ఆకాశంలోకి పారుతుంది. అందుకని సందులు వెతికి మూయడం మన పనిలో సగం.

ఆ సగంలో నన్ను మించినవాళ్లు లేరని నా గట్టి నమ్మకం. దానికి కారణం మా ఇల్లే. జనగామలో మా బాపుది కిరాణా దుకాణం. పెదబాపుది పక్క దుకాణం, మేనమామది ఎదురు దుకాణం. మా ఇళ్లలో పిల్లలకు పలక కంటే ముందు దబ్బనం చేతికొచ్చేది. చక్కెర బస్తాకు చిల్లు కనబడిందా, సుతిలి తాడు ఎక్కించి కుట్టేయడమే. చిల్లు ఎందుకు పడిందని అడిగేవాళ్లు కాదు, ముందు కుట్టు అనేవాళ్లు. ఆ అలవాటుతోనే నేను కంప్యూటర్ ముందు కూర్చున్నాను. కూర్చున్న కొన్నేళ్లకు ఒక ఊరి పొలాలన్నింటినీ కుట్టేశాను. ఆ కథ ముందుంది.

ఇంకో అలవాటు బేరం. బేరమాడకుండా నేను ఏదీ తీసుకోను. దగ్గు మందు కూడా.

ఖాజా భాయ్ భూతద్దం

నాకు పని నేర్పింది ఖాజా భాయ్. జనగామ స్టేషన్‌కు పోయే దారిలో ఆయన ప్రింటింగ్ ప్రెస్ ఉండేది. పెళ్లి పత్రికలు, బడి చార్టులు, విత్తనాల సంచుల మీది బొమ్మలు, ఏదొచ్చినా వద్దనేవారు కాదు. నేను పనికి పోయిన మొదటి రోజు కిటికీ పక్కన కుర్చీ కావాలన్నాను. మధ్యాహ్నం ఇంటికెళ్లి తిని వస్తానన్నాను. ఫ్యాన్ నా వైపు తిరగాలన్నాను. ఆయన అన్నింటికీ తలూపి, నేను గెలిచానని లేచి నిలబడ్డాక, "అన్నీ అడిగినవ్ బేటీ, పని ఏందో మాత్రం అడగలే" అన్నారు.

ఆయన గొప్ప యజమాని అని రాయలేను. వచ్చిన ప్రతి గిరాకీకీ "రేపే ఇస్త" అని చెప్పి, ఆ రేపంతా మా మీద అరిచేవారు. కానీ గీతను చదవడంలో ఆయనలాంటి మనిషిని నేను మళ్లీ చూడలేదు. మెడలో నల్లదారానికి ఒక భూతద్దం వేలాడేది. బొమ్మ రాగానే దాని మీద వంగి, జాతకం చెప్పినట్టు చెప్పేవారు.

"ఇగో చూడు, ఈడ చాయ్ తాగిండు."

"గీతల చాయ్ ఎట్ల కనవడ్డది భాయ్?"

"చాయ్ కాదు, ఆగుడు కనవడ్డది. మనిషి ఆపిన గీత కొస గుండ్రంగ ఉంటది, సిరా జర ఊరుతది. ఆపకుండ తెగిన గీత కొస పీచులెక్క ఉంటది. పెన్ను దుంకినా, కాగితం మడత పడ్డా పీచే. గుండ్రంగ ఉన్నకాడ ఆయన ఏదో అనుకోని ఆపిండు. అది ముయ్యకు. అడుగు."

నేను తలూపాను. ఒక్క ముక్కా మనసుకు ఎక్కించుకోలేదు. సందు సందే, గుండ్రమైతే ఏమిటి, పీచైతే ఏమిటి, రంగు రెండింట్లోంచీ పారుతుంది కదా అనుకున్నాను.

ఆయన ఇంకో నియమం కూడా పెట్టారు. స్కానర్‌లోంచి వచ్చింది వచ్చినట్టు ఒకచోట దాచాలి, దాని మీద చేయి వేయకూడదు, కాపీ తీసుకొని ఆ కాపీని కడగాలి. బొమ్మ ఇచ్చినవాళ్లకు కూడా అసలుది ఒకటి ఆ రోజే ఇవ్వాలి. ఇది కూడా ఆయన చాదస్తమనే అనుకున్నాను. ఒకే బొమ్మను రెండు చోట్ల దాచడం మా దుకాణాల లెక్కలో జాగా దండగ.

మేకలకు క్షవరం

పెళ్లయ్యాక మహబూబాబాద్‌లో సొంతంగా చిన్న షాపు పెట్టుకున్నాను. ఒక టేబుల్, ఒక స్కానర్, గిరాకీ కోసం ఒక బెంచీ. నర్సింహులపేట వైపు తండాలో పనిచేసే ఒక మాస్టారు బడి పిల్లల కోసం వాళ్ల ఇంటి భాషలో బొమ్మల కథ అచ్చు వేయిద్దామని వచ్చాడు. బొమ్మలు గీసింది ఆ బడిలో అన్నం వండే ధర్మీబాయి. కథ మేకలది. ఆమెకు సొంతంగా మేకలున్నాయి. ఒక్కో మేకను వందల చిన్న చిన్న గీతలతో, వెంట్రుక వెంట్రుకా విడిగా వేసింది.

సాఫ్ట్‌వేర్‌లో మచ్చలు తీసే మీట ఒకటుంటుంది. చిన్నది ఏది కనబడినా దుమ్మనుకొని తీసేస్తుంది. నేను ఆ మీట నొక్కి, టీ తాగి వచ్చి, తెల్లగా మెరిసిపోతున్న బొమ్మలు చూసి మురిసిపోయాను. అసలు స్కాన్‌ల మీదే ఆ పని చేశాను. జాగా మిగిలింది కదా.

మాస్టారు ధర్మీబాయిని వెంటబెట్టుకొని వచ్చాడు. ఆమె తెర వైపు చాలాసేపు చూసి తన భాషలో ఏదో అంది. మాస్టారు మొహం పక్కకు తిప్పుకున్నాడు.

"ఏమంటంది సార్?"

"ఏం లేదు మేడం."

"చెప్పుండ్రి, నేనేం అనుకోను."

"ఇవి మేకలు కావు, నీళ్ల ట్యాంకులకు కాళ్లొచ్చినయి అంటంది."

అసలు కాగితాలు ఆమె అప్పటికే పొయ్యి రాజేయడానికి వాడేసింది. "కంప్యూటర్ల పడ్డయి కదా, ఇగ అవెందుకు" అనుకుందట. నాకు ఇంకో దారి లేదు. స్కానర్‌ను చీరలో చుట్టి ఒళ్లో పెట్టుకొని బస్సెక్కి తండాకు పోయాను. ఆమె మళ్లీ గీస్తుంటే మూడు రోజులు పక్కన కూర్చొని ఆమెకు ఉల్లిగడ్డలు కోసిచ్చాను. మొదటిసారి గీసినంత బాగా రాలేదని ఆమె అంది. నాకు తేడా తెలియలేదు. తెలియలేదని చెప్పినందుకు ఇంకో బుట్ట ఉల్లిగడ్డలు నా ముందు పెట్టింది.

ఆ రోజు నుంచి అసలు స్కాన్ మీద చేయి వేయలేదు. ఖాజా భాయ్ రెండు మాటల్లో ఒకటి ఒంటబట్టింది. రెండోది ఒంటబట్టడానికి ఇంకా పెద్ద దెబ్బ కావలసి వచ్చింది.

నీరటి తాత పటం

మా ఆయనకు గనిలో ఉద్యోగం వచ్చి భూపాలపల్లికి మారాం. షాపు కూడా నాతో పాటే మారింది. ఒకరోజు చిట్యాల దగ్గరి ఒక ఊరి పంచాయతీ సెక్రటరీ వచ్చింది. ఊరి పేరు రాయను, అక్కడ నాకు ఇప్పటికీ మొహం చెల్లదు. ఆమె చంకలో చాప చుట్టినంత కాగితం చుట్ట.

పాత క్యాలెండర్ కాగితాలు వెనక్కి తిప్పి, అన్నం మెతుకులతో అతికించి, నల్ల స్కెచ్ పెన్నుతో గీసిన పటం అది. ఆ ఊరి చెరువు, దాని కింద కాలువ, కాలువ కింద మడులన్నీ ఉన్నాయి. గీసింది ఓదెలు తాత. ఆ ఊరికి నీరటి. చెరువు నీళ్లు ఏ రోజు ఎవరి మడికి పోవాలో చూసి వదిలే మనిషి. ఆయన కళ్లకు శుక్లాలు ముదిరాయి. చూపు పూర్తిగా పోకముందే తనకు తెలిసిందంతా కాగితం మీద పెట్టమని సెక్రటరీ వెంటపడి గీయించింది.

"ఏ రోజు వంతు వాళ్ల మడులు ఆ రోజు రంగుల ఉండాలె మేడం. పెద్ద ఫ్లెక్సీ చేసి పంచాయతీ గోడకు పెడ్తం."

నా స్కానర్‌లో అంత పటం పట్టదు. ముక్కలు ముక్కలుగా స్కాన్ చేసి జోడించాను. అసలు స్కాన్ ఆమె పెన్‌డ్రైవ్‌లో అక్కడికక్కడే వేసిచ్చాను, అంతవరకు బుద్ధిగానే ఉన్నాను. తర్వాత తెర మీద పెద్దగా చేసి చూస్తే ఏముంది, ప్రతి మడి గట్టుకూ ఒక సందు! కొన్నింటికి రెండు. ఒక మడిలో పసుపు పోస్తే ఊరంతా పసుపైంది.

పాపం ముసలాయన, చేయి వణికినట్టుంది అనుకున్నాను.

ఒక్కో సందూ వెతికి మూశాను. మనసులో దబ్బనం, సుతిలి తాడు. చివరికి బకెట్‌తో రంగులు పోస్తే ఏ మడి రంగు ఆ మడిలోనే బుద్ధిగా నిలబడింది. అడగని పని కూడా చేసిపెట్టానని సెక్రటరీకి చెప్పుకొని, నా షాపు పేరు ఫ్లెక్సీ కింద ఒక మూల వేయించుకునేలా బేరం కుదుర్చుకున్నాను. ఆ బేరానికి తర్వాత ఎంత బాధపడ్డానో చెప్పలేను. ఆ పేరు అక్కడ లేకపోతే నన్ను వెతుక్కుంటూ ఎవరూ వచ్చేవాళ్లు కాదు.

ఫ్లెక్సీ కట్టిన రోజు నన్నూ పిలిచారు. శాలువా కప్పారు. ఓదెలు తాత ఫ్లెక్సీ మీద చేయి పెట్టి నిమిరి, "మంచిగ నున్నగ వచ్చింది బిడ్డా" అన్నాడు. కనబడేది ఆయనకు అంతే.

కొమురక్క వచ్చింది

నాట్ల కాలంలో ఒక పొద్దున షాపు షట్టర్ ఎత్తేసరికి మెట్ల మీద ఒకామె కూర్చొని ఉంది. యాభై దాటి ఉంటుంది. నన్ను పైనుంచి కిందిదాకా చూసింది.

"పటంల ఉన్న పేరు నీదేనా?"

"అవునక్కా, రా, కూసో. ఫ్లెక్సీ కావాల్నా?"

"నా మడవ ముయ్యమని నీకు ఎవలు చెప్పిండ్రు?"

"మడవ అంటే ఏందక్కా?"

ఆమె మెట్టు మీంచి లేచి, "పొద్దున ఏం తిన్నవ్?" అంది.

"ఉప్మా."

"మాపటికి ఏం తింటవ్?"

"అన్నం."

"ఆ అన్నం యాడికెళ్లి వస్తది?"

నాలుక చివరిదాకా వచ్చిన జవాబు బస్తాలోంచి అని. మింగేశాను.

ఆమె పేరు కొమురక్క. చెరువు కింద అందరికంటే చివర ఆమెవి రెండు మడులు. కాలువ నీళ్లు పై మడుల గుండా సమ్మిరెడ్డి అనే పటేలు మడిలోకి వచ్చి, ఆ మడి గట్టుకు తీసిన సందులోంచి ఆమె మడిలోకి దిగాలి. గట్టులో ఆ సందునే మడవ అంటారు. ఆమె మామ కాలం నుంచీ ఉంది. ఈసారి సమ్మిరెడ్డి దాన్ని మట్టితో మూసేశాడు. ఎందుకు మూశావంటే, పోయి పంచాయతీ గోడ మీద చూసుకో అన్నాడట. నీరటి గీసిన పటంలోనే మడవ లేనప్పుడు నేనెందుకు ఉంచాలన్నాడట.

"నారు పోసిన. ముదురుతంది. నాలుగొద్దులల్ల నాటెయ్యకుంటే అది పసులకు ఎయ్యాల్సిందే. ఈ ఏడు నా ఇంట్ల గింజ ఉండది. నువ్వు మూసినవ్, నువ్వే చెప్పు ఏం జెయ్యాల్నో."

నేను కంప్యూటర్ తెరిచి అసలు స్కాన్ చూశాను. చేయి వణికిన సందులనుకున్నవన్నీ మడవలే. పై మడి నుంచి కింది మడికి, అక్కడి నుంచి ఇంకో మడికి నీళ్లు నడిచే దారులు. ఒక్క దారి వదలకుండా ఊరి చెరువు మొత్తాన్ని నేను బిగించి కుట్టేశాను. మిగతా రైతులు పటం వైపు చూసి నవ్వుకొని ఎప్పటిలాగే నీళ్లు పెట్టుకుంటున్నారట. ఊరంతటిలో నా పనితనాన్ని నమ్మిన మనిషి సమ్మిరెడ్డి ఒక్కడే.

ఆ మధ్యాహ్నమే కొమురక్కతో కలిసి ఓదెలు తాత దగ్గరికి పోయాను. గడప మీద కూర్చొని ఉన్నాడు. జరిగింది చెప్పి, తప్పు నాదేనన్నాను.

"మడవ ఉంది బిడ్డా. నేను గీసిన. ఒక్కొక్క మడవ కాడ పెన్ను ఆపి ఆలోచన చేసిన, గీడికెళ్లి ఎవలకు ఎన్ని నీళ్లని. ఆలోచన లేకుంట గీస్తె అది పటమా?"

పెన్ను ఆపి. మెడలో భూతద్దం వేలాడుతున్న మనిషి కళ్ల ముందు కదిలాడు.

ఇప్పుడు ఈ పని నేర్చుకునేవాళ్లకు రెండు ముక్కలు. సందు ఉంచాలి, రంగు పారకూడదు. ఎలా? మూసిన గీతలన్నీ కింద ఒక లేయర్‌లో వేసుకోండి. రంగు వాటిని చూసి ఆగుతుంది. రంగు పోశాక ఆ లేయర్‌ను దాచేయండి. పైన మాత్రం గీసినాయన గీతను ఆయన సందులతో సహా అలాగే ఉంచండి. అంతే. పది నిమిషాలు ఎక్కువ పడుతుంది. ఆ పది నిమిషాలు మిగుల్చుకొని నేను ఒక ఆడమనిషి పంటను గండంలో పడేశాను.

పటేలుతో బేరం

మర్నాడు పంచాయతీలో కూర్చున్నారు. అసలు కాగితం తీద్దామంటే, బీరువా మీద వాన కారి స్కెచ్ పెన్ను సిరా అంతా మబ్బులా అలుక్కుపోయి ఉంది. ఇక మిగిలింది సెక్రటరీ పెన్‌డ్రైవ్‌లో ఉన్న స్కాన్. దాన్నే ఆమె లాప్‌టాప్‌లో పెట్టాం. నా కంప్యూటర్‌ను నేను షాపులోనే వదిలి వచ్చాను, నా మీద నాకే నమ్మకం లేని రోజులవి.

నేను లేచి, "పటంల సందులన్నీ మూసింది నేనే, తాత కాదు. నాకు మడవ అంటే తెల్వదు" అన్నాను.

"బియ్యం అంటె తెలుసా?" అని వెనక నుంచి ఎవరో. అందరూ నవ్వారు.

సమ్మిరెడ్డి నవ్వలేదు. తెల్ల చొక్కా, జేబులో రెండు పెన్నులు. "తాతకు కండ్లు కనవడయ్. కొమురమ్మ ఇంట్ల బువ్వ తింటడు, గామె మాటనే అంటడు. సందు గీసిండనే అనుకుందం. గది ఉన్నది కాయితం అతుకు కాడ. మెతుకు గడ్డ మీద పెన్ను దుంకింది, గంతే. గది మడవని ఎవలు చెప్పాలె? గీ కంప్యూటరమ్మనా? నిన్న మూసింది, ఇయ్యాల తెరుస్తది."

ఆయన మాటలో న్యాయం లేకపోలేదు. అతుకుల దగ్గర పెన్ను దుంకిన చోట్లు పటంలో నిజంగానే ఉన్నాయి.

ఇక్కడే నాకు మా దుకాణం పనికొచ్చింది. బేరంలో సరుకు గొప్ప మనం చెప్తే ఎవరూ నమ్మరు. మనం దాన్ని తక్కువ చేసి మాట్లాడాలి. అప్పుడు ఆ గొప్ప అవతలివాళ్లే చెప్తారు.

"నేను చెప్తే మీరు నమ్మరు, నమ్మొద్దు కూడా. మీరే చూసి చెప్పుండ్రి పటేలా" అని లాప్‌టాప్ ఆయన ముందుకు జరిపాను. ఆయన మడికి పైన ఉన్న గట్టు, అందులోని సందు పెద్దగా చేశాను. ఆయనకు నీళ్లొచ్చే మడవ అది. అది కూడా ఒక అతుకు పక్కనే ఉంది. "ఇది చూడుండ్రి. నాకైతే పెన్ను దుంకినట్టే కొడ్తంది. అతుకు కాడ్నే ఉన్నది. ఇది కూడ మడవ కాదనుకుంట."

"మడవ కాదా!" పటేలు కుర్చీలోంచి లేచాడు. "గిది నా పై మడవ! మా తాతల నాటిది!"

"అట్లనా? గీతల ఎట్ల తెలుస్తది పటేలా, నాకు తెల్వక అడుగుతున్న."

"కండ్లు లేవా నీకు? రెండు కొసలు చూడు. గుండ్రంగ, ఆవగింజలెక్క ఉన్నయి. పెన్ను ఆపి తీసిండు. దుంకితె గిట్ల ఉంటదా?"

"మరి దుంకితె ఎట్ల ఉంటది?"

నేను ఇంకో చోటికి జరిపాను. చెరువు కట్ట గీత మధ్యలో నిజంగా పెన్ను దుంకిన చోటు.

"ఇగో, గిట్ల ఉంటది. కొసలు పీచు పీచు. గింత మాత్రం తెల్వదా?" ఆయన అందరి వైపు తిరిగాడు. "సూడుండ్రి, నేను చెప్త." వేలు తెర మీద పెట్టి ఒక్కొక్కటీ చూపించసాగాడు. సెక్రటరీని కూడా దగ్గరికి పిలిచి పాఠం చెప్పాడు. నేను మీట నొక్కుతూ పోతున్నాను. "గిది మడవ. గిది దుంకింది. గిది మడవ. గిది మడవ. గిది..."

ఆగాడు. తెర మీద రెండు గుండ్రటి కొసలు, వాటి పక్కన అతుకు.

"గిది ఎవల మడి?"

"మీ మడే పటేలా, కింది గట్టు. అటు పక్కది కొమురక్కది."

కొమురక్క కొంగు సర్దుకొని, "ఇంకోపారి చెప్పు పటేలా, నాకు ఇనవడలే" అంది.

దాంతో నవ్వులు మొదలై ఎంతకీ ఆగలేదు. బేరాల్లో సమ్మిరెడ్డి కూడా నాలాంటి మనిషే, వదలడు. సగం తెరుస్తానన్నాడు. సగం మడవ ఎక్కడన్నా ఉంటుందా అని కొమురక్క అడిగింది. నా నాట్లు అయిపోయాక తెరుస్తానన్నాడు. అప్పటికి నారు ముదిరి పనికిరాకుండా పోతుందంది ఆమె. నేను మధ్యలో దూరి, "అట్లయితే మంచిదే పటేలా. మీ పై మడవ కూడ ఆ పైవాళ్ల నాట్లు అయినంకనే తెరుద్దాం" అన్నాను. ఆయన పై మడి రైతు ముందు వరసలోనే ఉన్నాడు. "నాకు ఒప్పందమే" అని చేయెత్తాడు.

పటేలు కూర్చున్నాడు. మెడ తుడుచుకున్నాడు. "తియ్యుండ్రి. గానీ నేను పార పట్ట. పటంల మూసి నన్ను బద్నాం జేసింది గామె. గామెనే వచ్చి తెరవాలె" అని నా వైపు వేలు చూపించాడు.

"మట్టి పోసింది నువ్వు గదా పటేలా?" అంది కొమురక్క. కుదిరిన బేరం మళ్లీ చెడిపోయేలా ఉంది. "నేనే తెరుస్త" అన్నాను. నా బతుకులో బేరమాడకుండా ఒప్పుకున్న పని అదొక్కటే.

గట్టు మీద

ఊరు సగం నా వెనకే వచ్చింది. ఓదెలు తాత చేతికర్రతో ముందే వచ్చి గట్టు మీద చతికిలబడి ఉన్నాడు. సమ్మిరెడ్డి మడిలో నీళ్లు అంచుదాకా నిలిచి ఉన్నాయి. అవతల కొమురక్క మడి నెర్రెలు వారింది, ఒక మూల ఆకుపచ్చగా నారుమడి. ఆ ఆకుల కొసలు అప్పుడే పసుపుకు తిరుగుతున్నాయి. రంగులతో అన్నేళ్లు బతికిన నాకు ఆ పసుపు అర్థం మాత్రం ఎవరూ విడిగా చెప్పనక్కరలేకపోయింది.

కొమురక్క పార చేతికిచ్చింది. మొదటి దెబ్బకు పార మట్టిలో దిగబడి రాలేదు. రెండో దెబ్బకు వచ్చింది, నేనే వెనక్కి పడ్డాను. ఒక చెప్పు బురదలో పోయింది. అది ఇప్పటికీ అక్కడే ఉండి ఉంటుంది. గట్టు మీద ఎవరో, "కంప్యూటర్ల అయితె ఒక్క నొక్కుకు అయిపోతుండె" అన్నారు. సమ్మిరెడ్డి దూరంగా చింత చెట్టు కింద నిలబడి చూడనట్టు చూస్తున్నాడు.

"ఇటు ఇయ్యి చెల్లె, నాలుగొద్దులు తవ్వుతవ్ నువ్వు" అని కొమురక్క పార లాక్కుంది. నేను బురదలోనే పక్కకు జరిగి నిలబడ్డాను. ఆమె వంగి మూడంటే మూడు దెబ్బలు వేసింది. మట్టి గడ్డ విరిగి పడింది. సన్నగా ఒక నీటి పాయ దిగింది. తర్వాత వేలెడు లావు. అందరం చూస్తున్నాం. నెర్రెల్లోకి దిగుతూ నీళ్లు బుస్సుమని చప్పుడు చేశాయి. దగ్గర నుంచి చూద్దామని ఒక అడుగు ముందుకేశాను. ఖాజా భాయ్ బతికి ఉంటే తాత పటంలోని ఆ ఆగిన కొసలు తెచ్చి ఆయన భూతద్దం కింద పెట్టేదాన్ని అనుకున్నాను.

అంతలో పాయ సన్నబడింది. వేలెడు లావు కాస్తా దారమంత అయింది.

"ఏమైందక్కా?" అన్నాను భయంగా. "మళ్ల ఆగిపోయిందా?"

కొమురక్క పార మీద చేతులాన్చి నా కాళ్ల వైపు చూసింది.

"ఏం కాలే. జర పక్కకు జరుగు. మడవల నిలవడ్డవ్."